చేతులు ఆగిన నాలుగు నిమిషాలు

నాకు ముక్కుమీద కోపమని మా అమ్మ కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుంటుంది. అది తప్పు. నా కోపం ముక్కుమీద ఉండదు, వేళ్ళ కొసల్లో ఉంటుంది. ఎవరైనా అడ్డగోలుగా మాట్లాడితే నోటికంటే ముందు నా వేళ్ళు కదులుతాయి. అందుకే శిక్షణ సంస్థలో నాకు మిరపకాయ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళని నేనేమీ అనలేదు. అతికినట్టు సరిపోయింది మరి.

మేం నేర్చుకునేది కోర్టు రిపోర్టరు పని. పత్రికల్లో రాసే రిపోర్టరు కాదు. ఆ తేడా చుట్టాలకి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. కోర్టులో జడ్జి, వకీళ్ళు, సాక్షులు మాట్లాడే ప్రతి మాటనీ అప్పటికప్పుడు ఒక చిన్న మెషిన్ మీద కొట్టేస్తాం. దానికి ఉండేవి ఇరవై చిల్లర మీటలు. నాలుగైదు ఒక్కసారే కలిపి నొక్కితే ఒక మాట. నిమిషానికి నూట ఎనభై మాటలు కొట్టగలిగితేనే పరీక్షకి కూర్చోనిస్తారు. నూట నలభై దగ్గర నేను ఏడు నెలలు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను. ముప్ఫై తొమ్మిదేళ్ళకి ఈ చదువెందుకని మా ఆడపడుచు అడిగింది. ఆవిడ అడిగిన వాక్యాన్ని వంటింటి గట్టు మీద వేళ్ళతో కొట్టి చూసుకున్నాను. తప్పులు రాలేదు.

ఇదే మెషిన్ని ఒక తెరకి తగిలిస్తే, మాట్లాడే మాటలు అక్షరాలై ఆ తెరమీద వస్తుంటాయి. వినపడనివాళ్ళు చదువుకుంటారు. దాన్ని క్యాప్షనింగ్ అంటారు. మా సంస్థలో కోర్టు పనికి రెండేళ్ళ పాఠాలు, క్యాప్షనింగ్‌కి మూడంటే మూడు క్లాసులు. ఆ మూడూ చెప్పిన సన్నటి కుర్ర మాస్టారు మొదటి రోజే ఒక మాట అన్నాడు, కోర్టులో మీరు రికార్డు కోసం కూర్చుంటారు, ఇక్కడ ఒక మనిషి చెవి కోసం కూర్చుంటారు అని. నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీశాను. గీత గీసినవన్నీ గుర్తుంటే మనం ఎక్కడో ఉండేవాళ్ళం.

మమ్మల్ని తయారు చేసింది మాత్రం పెద్ద మేడమ్. ముప్ఫై ఏళ్ళు కోర్టులో పనిచేసి వచ్చిన మనిషి. ఆవిడ దగ్గర ఒక కట్టుబాటుంది. జడ్జి ‘ఇది రికార్డులో వద్దు’ అన్న క్షణంలో రిపోర్టరు రెండు చేతులూ మీటల మీంచి ఎత్తి, అందరికీ కనపడేలా ఒళ్ళో పెట్టుకోవాలి. మళ్ళీ ‘రికార్డు మొదలు’ అనేదాకా ఆ గదిలో ఎవరేం మాట్లాడినా మనకి వినపడనట్టే లెక్క. దాన్ని మాకు అలవాటు చేయడానికి ఆవిడ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. డిక్టేషన్ మంచి జోరుమీద ఉండగా హఠాత్తుగా ‘రికార్డులో వద్దు’ అనేది. ఆ తర్వాత ఒక్క మీట పడినా ఆ రోజు మార్కులన్నీ గోవిందా. నేను అందరికంటే ఎక్కువసార్లు పోగొట్టుకున్నాను. చివరికి ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంట్లో మా ఆయన ‘ఇది ఎవరికీ చెప్పకు’ అని ఏదో మొదలుపెట్టగానే కలుపుతున్న పిండిలోంచి నా చేతులు రెండూ పైకి లేచాయి. ఆయన హడలిపోయాడు. పెద్ద మేడమ్‌కి చెబితే ఆవిడ జీవితంలో మొదటిసారి నన్ను మెచ్చుకుంది.

పరీక్షకి ముందు నలభై గంటలు బయట పనిచేసి, పని చేయించుకున్నవాళ్ళ చేత ఫారం మీద సంతకం పెట్టించుకోవాలి. నాకు ఆఖరి ఆరు గంటలు మిగిలాయి. వాటికి నన్నొక లాండ్రీకి పంపారు. చిల్లర లాండ్రీ కాదు, పది ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే కార్ఖానా. అక్కడ ఒక కార్మికురాలి మీద విచారణ జరుగుతోంది, ఆవిడకి వినపడదు, క్యాప్షనింగ్‌కి మనిషి కావాలి. కంపెనీ ఖర్చు పెట్టదలుచుకోలేదు కాబట్టి శిక్షణలో ఉన్న నన్ను ఉచితంగా రమ్మన్నారు. ఒళ్ళు మండటం అక్కడే మొదలైంది. కానీ ఫారం మీద సంతకం పెట్టాల్సింది వాళ్ళే కదా, నోరు మూసుకున్నాను.

ఆవిడ పేరు కాగితాల్లో ఏదో ఉంది గానీ కార్ఖానా అంతా ఇస్త్రీ అక్క అంటారు. యాభై దాటింది. తొమ్మిదో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది, మాట మాత్రం మిగిలింది. ఆ గొంతు కొంచెం పెద్దగా, ఒకే మట్టంలో వస్తుంది. దుప్పట్లు మింగి అవతల చదునుగా వదిలే పెద్ద రోలర్ యంత్రం దగ్గర పంతొమ్మిదేళ్ళుగా పని. ఎక్కడైనా ప్రమాదం జరిగితే సైరన్ మోగుతుంది. ఆవిడకి వినపడదు కనక ఆవిడ యంత్రం మీద ఒక ఎర్ర లైటు పెట్టారు. అది వెలిగితే ఆవిడ ఆపేస్తుంది. మొన్నామధ్య ఆవిడకి కనపడని అవతలి కొసన రోలర్లో దుప్పటి ఇరుక్కుని పొగ లేచింది, సైరన్ మోగింది, అందరూ ఆపారు, ఈవిడ ఆపలేదు. రోలరు కాలిపోయింది. నిర్లక్ష్యం అని ఉద్యోగంలోంచి తీసేయడానికి విచారణ. ఆవిడ చెప్పేది ఒకటే, ఆ లైటు రెండు నెలలుగా వెలగడం లేదు, మూడుసార్లు చీటీ రాసి ఇచ్చాను అని. మేనేజరు చెప్పేదీ ఒకటే, మాకు ఏ చీటీ అందలేదు అని.

గది చిన్నది. పొడుగాటి బల్లకి అవతల నలుగురు: మేనేజరు, హెచ్‌ఆర్ మేడమ్, బయటినుంచి పిలిపించిన విచారణాధికారి, మినిట్స్, అంటే విచారణలో అన్న మాటల రికార్డు, రాసే గుమాస్తా. అధికారి రిటైరైన వకీలు. ఇవతల ఇస్త్రీ అక్క, ఆవిడ పక్కన నేను. తెర ఆవిడకి ఎదురుగా పెట్టాను. వాళ్ళకి దాని వీపు మాత్రమే కనపడుతుంది. అధికారి మొదట నియమాలు చదివాడు. కార్మికురాలు చివరగా చెప్పుకునే మాటలు ఉన్నవి ఉన్నట్టు మినిట్స్‌లో ఎక్కించాలి అన్నది అందులో ఒకటి. అది కొడుతూ, ఫరవాలేదు, పద్ధతైన మనిషే అనుకున్నాను.

గంట గడిచింది. నా చేతులు బాగా నడుస్తున్నాయి. ఇస్త్రీ అక్క ప్రతి వాక్యం చదివి, ఆలోచించి, జవాబు చెబుతోంది. అంతలో అధికారి కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు ఇది రికార్డులో వద్దు అన్నాడు. నా చేతులు లేచాయి. ఒళ్ళో పడ్డాయి. తెర ఆగిపోయింది.

నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఏమన్నారో తర్వాత చెబుతాను, ఇప్పుడు నోరు రావడం లేదు. గదిలో నవ్వు లేచిందని మాత్రం చెబుతాను. ఇస్త్రీ అక్క ఖాళీ తెర వంక చూసింది, వాళ్ళ మొహాల వంక చూసింది, ఏమంటున్నారు అని అడిగింది. సరిగ్గా అప్పుడే అధికారి రికార్డు మొదలన్నాడు. హెచ్‌ఆర్ మేడమ్ చిరునవ్వుతో, ఏం లేదమ్మా, మామూలు మాటలే అంది. నా చేతులు మీటల మీదికి వచ్చాయి, ‘ఏం లేదమ్మా, మామూలు మాటలే’ అని కొట్టాను. అక్షరం తప్పు లేకుండా అబద్ధాన్ని కొట్టాను.

టీ వచ్చింది. వాళ్ళు బయటికి వెళ్ళారు. ఇస్త్రీ అక్క సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీసి నా ముందు పెట్టింది.

“చేతులు నొప్పా అమ్మాయ్? మధ్యలో ఆపేశావు. ఇస్త్రీ చేసే మాకూ మణికట్లు పోతాయి. ఇది రాసుకో, నొప్పి లాగేస్తుంది.”

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది నా మీద నాకే ఎక్కింది. ఆవిడ ఉద్యోగం పోయేలా ఉంది, ఆవిడ నా మణికట్ల గురించి అడుగుతోంది. ఇంతకీ నేను ఎవరి మనిషిని అక్కడ? జడ్జి లేడు, కోర్టు లేదు. రికార్డు రాయడానికి గుమాస్తా ఉన్నాడు. ఆ నలుగురిలో ఎవరికీ నాతో పని లేదు, వాళ్ళ చెవులు నిక్షేపంగా ఉన్నాయి. ఆ గదిలో వినపడే ప్రతి మాటా నలుగురికి ఊరికే అందుతోంది, ఒక్క మనిషికి నా వేళ్ళ మీదుగా అందుతోంది. ఆ వేళ్ళని నేను ఎవడో వద్దనగానే ఒళ్ళో పెట్టుకున్నాను, మెచ్చుకోలు కోసం ఎదురుచూసే బడిపిల్లలాగ. కుర్ర మాస్టారి మాట, దాని కింద నేను గీసిన గీత అప్పుడు గుర్తొచ్చాయి. డబ్బా తీసుకుని జేబులో పెట్టుకున్నాను. రాసుకోవడానికి మొహం చెల్లలేదు.

టీ తర్వాత పది నిమిషాలకే మళ్ళీ అదే మాట. అధికారి పెన్ను కింద పెట్టి రికార్డులో వద్దు అన్నాడు. గుమాస్తా పెన్ను ఆపాడు. నా భుజాలు అలవాటుగా లేవబోయాయి, బలవంతంగా కిందికి నొక్కుకున్నాను. వేళ్ళు మీటల మీదే ఉన్నాయి. మెషిన్ చప్పుడు చేయదు, తెర వాళ్ళవైపు లేదు, మొదటిసారి ఆపాను కదా అని నా వంక ఎవరూ చూడలేదు. ఇస్త్రీ అక్క చదువుతోంది.

ఆ లైటు సంగతేమిటి, నిజంగా చీటీలిచ్చిందా అని అధికారి అడిగాడు. ఇచ్చిందన్నాడు మేనేజరు. మూడూ తన డ్రాయర్లోనే ఉన్నాయట. ఎలక్ట్రీషియన్ వస్తే ఒక పూట లైను మొత్తం ఆపాలట, అందుకని ఊరుకున్నాడట. ఇది మాత్రం కాగితం మీదికి రాకూడదని హెచ్‌ఆర్ మేడమ్ అంది. చీటీలు అందలేదనే రాసి, భోజనాల వేళకి తేల్చేద్దామంది. అధికారి ఒక్క క్షణం ఇబ్బందిగా కదిలి, ఆవిడ ఎదురుగానే ఇదంతా ఎందుకు, బయటికెళ్ళి మాట్లాడుకోవాల్సింది అన్నాడు. మేనేజరు నవ్వాడు.

“ఫరవాలేదు సార్. చెవిటివాడి ముందు శంఖం.”

అదీ కొట్టాను. అతి జాగ్రత్తగా కొట్టాను. నూట ఎనభై దాటి ఉంటుంది నా వేగం ఆ పూట, పరీక్ష పెట్టేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినంత ధీమాగా అధికారి సర్దుకుని కూర్చుని, రికార్డు మొదలు, మీరు చివరగా ఏమైనా చెప్పుకుంటారా అని ఆవిడని అడిగాడు. ఇస్త్రీ అక్క లేచి నిలబడింది. తెరమీది అక్షరాలని వేలితో వెనక్కి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆపింది. ఒకే మట్టంలో, పెద్దగా, మొదలుపెట్టింది.

“చెప్పుకుంటాను. చీటీలు మూడూ మేనేజరుగారి డ్రాయర్లో ఉన్నాయి. లైను ఒక పూట ఆపాలని లైటు బాగుచేయించలేదు. అందలేదని రాద్దామని మేడమ్‌గారు అన్నారు. చెవిటివాడి ముందు శంఖం అని మేనేజరుగారు అన్నారు. గుమాస్తాగారూ, పెన్ను ఆగింది, రాయండి.”

గుమాస్తా అధికారి వైపు చూశాడు. అధికారి మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా అయిపోయింది. ఇది రికార్డులో వద్దు అన్నాడు గబగబా. ఆ మాటా నా వేళ్ళ కింద నుంచి తెరమీదికి వచ్చేసింది. ఇస్త్రీ అక్క అది చదివి, “ఇది రికార్డులో వద్దు అని సారుగారు ఇప్పుడే అన్నారు, అదీ రాయండి, చివరి మాటలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కించాలని పొద్దున వారే చదివారు” అంది. గుమాస్తా తల దించుకుని రాయడం మొదలుపెట్టాడు.

అప్పుడు అధికారి నా వైపు తిరిగాడు. రికార్డులో వద్దంటే ఏమిటో మీ సంస్థలో నేర్పలేదా అని అడిగాడు. మీటల మీంచి చేతులు తీయకుండానే చెప్పాను.

“నేర్పారండీ. రికార్డు గుమాస్తాగారిది. ఆయన ఆపారు. నా దగ్గరున్నది ఆవిడ చెవి. దాన్ని ఆపమనడానికి మీరెవరు?”

అధికారికి మేనేజరు డ్రాయరు తెరిపించక తప్పలేదు. చీటీలు మూడూ వరసగా, క్లిప్పు పెట్టి మరీ ఉన్నాయి. పారేసే దమ్ము కూడా లేదు ఆ మనిషికి. పది రోజుల్లో ఆరోపణ ఎత్తేశారు, ఇస్త్రీ అక్క మళ్ళీ యంత్రం దగ్గరికి వెళ్ళింది, ఎర్ర లైటు వెలుగుతోంది. నా ఫారం మీద మాత్రం ఎవరూ సంతకం పెట్టలేదు. పెద్ద మేడమ్ మండిపడింది. అదే పని కోర్టులో చేస్తే నిన్ను మెడపట్టి గెంటేవాళ్ళు అంది. అది కోర్టు కాదు మేడమ్ అన్నాను. ఆవిడ ఫారం నా వైపు తోసింది. ఆరు గంటలూ ఇంకోచోట చేసి రమ్మంది. క్యాప్షనింగ్‌కి మూడు క్లాసులు ఏం సరిపోతాయని కుర్ర మాస్టారితో గట్టిగా అంటుండగా మాత్రం తర్వాత విన్నాను.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచిదాన్నై పోతాను. మా ఆయనకీ, మా అమ్మకీ ఇంతవరకే చెప్పాను. మా అమ్మ ఆ ముక్కుమీద కోపమే ఒకళ్ళ ఉద్యోగం నిలబెట్టిందని వాడంతా చెప్పి వచ్చింది.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం ఇస్త్రీ అక్క సంస్థకి వచ్చింది, సగం పూట సెలవు పెట్టి. థాంక్స్ చెప్పడానికి వచ్చిందనుకుని నేను ఉబ్బిపోతూ ఎదురెళ్ళాను. ఆవిడ కూర్చోకుండానే అడిగింది.

“మొదటిసారి ఆగావు చూడు, నాలుగు నిమిషాలు. గోడ గడియారం చూశాను. అప్పుడేం మాట్లాడారు?”

వదిలెయ్యక్కా, పనికొచ్చేదేమీ లేదు అన్నాను, ఒక్కో మాటా నెమ్మదిగా, నా పెదాలు ఆవిడకి కనపడేలా. ఆవిడ కళ్ళు చిట్లించింది.

“పనికొచ్చేదో రానిదో నువ్వు తేలుస్తావా? నీది చేతుల నొప్పి కాదని నాకు అప్పుడే తెలుసు. నువ్వే చెబుతావేమోనని డబ్బా ఇచ్చాను.”

ఆవిడని ఖాళీగా ఉన్న ప్రాక్టీసు గదిలోకి తీసుకెళ్ళాను. డబ్బా తిరిగి ఇచ్చేద్దామని బల్లమీద పెట్టి, మెషిన్‌కి తెర తగిలించాను. మా పనిలో జ్ఞాపకం ఒక రోగం, విన్నది పోదు. మొదలుపెట్టాను.

భోజనాలకి ఎక్కడికి వెళ్దామని అధికారి అడగడం కొట్టాను. ఈవిడ జవాబులు ఇంత నెమ్మదిగా చెబితే సాయంత్రమవుతుందని హెచ్‌ఆర్ మేడమ్ విసుక్కోవడం కొట్టాను. ఈవిడ నోరు తెరిచినప్పుడల్లా రోలర్ బేరింగు పోయిందేమోనని ఉలిక్కిపడుతున్నానని మేనేజరు అనడం కొట్టాను. ఎన్నాళ్ళు భరించారో పాపం అని గుమాస్తా అనడం కొట్టాను. తర్వాత, కుర్ర మాస్టారు నేర్పినట్టు, వినపడిన చప్పుడు కూడా పెట్టాను: నవ్వులు.

ఇస్త్రీ అక్క అంతా చదివింది. మొహంలో ఏమీ మారలేదు. వేలు పెట్టి ఆఖరి మాట చూపించి, ఎవరెవరు అంది. మేనేజరు, హెచ్‌ఆర్ మేడమ్, అధికారి, గుమాస్తా అని వరసగా కొట్టాను.

“వాళ్ళని చూశాను. ఎదురుగా కూర్చున్నారుగా. నువ్వు నా పక్కన ఉన్నావు. నీ మొహం కనపడలేదు.”

నా చేతులు మీటల మీద ఆగాయి. ఎవరూ రికార్డులో వద్దు అనలేదు. గదిలో ఇంకెవరూ లేరు కూడా. అందరూ నవ్వుతుంటే బిగుసుకుని కూర్చుంటే బాగుండదని, సంతకం పెట్టాల్సినవాళ్ళు కదా అని, పెదాలు కొంచెం సాగదీశాను. అంతే. చప్పుడు కూడా రాలేదు. ఇన్నాళ్ళూ అందరి మీదా మండిపడుతూ దాన్ని ఎక్కడ దాచుకున్నానో నాకే తెలియదు.

‘నేను కూడా నవ్వాను’ అని కొట్టాను.

తెరమీద వచ్చింది. ఆవిడ చదివింది. రెండోసారి కూడా చదివింది.

“ఇదొక్కటే నాకు తెలియంది” అంది.

తర్వాత బల్లమీది రేకు డబ్బా తీసుకుని, మూత గట్టిగా ఉందో లేదో చూసి, సంచిలో వేసుకుని పనికి వెళ్ళిపోయింది.